రెండో సీసా

బొమ్మలక్క పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆ వీధిలో అందరికీ తెలుసు. అలాంటి మనిషి ఓ ఉదయమంతా సింకులో నీళ్ళను వేలితో పొడిచి చూస్తూ కూర్చుంది.

నీళ్ళంటే నిజం నీళ్ళు కావు. అరచేతిలో పట్టే వంటగది బొమ్మ అది. గాలికి ఆరే మట్టితో గట్టు, సింకు, గోరంత పళ్ళేలు చేసి, పళ్ళేలు మునిగేలా నీళ్ళలా కనిపించే రెజిన్ ద్రవం పోసింది. తెల్లారేసరికి గాజులా బిగుసుకోవలసింది, ఇంకా జిగురుగా సాగుతోంది. పైగా ఎక్కడిదో వెంట్రుక ఒకటి వచ్చి అంటుకుంది.

మట్టిపని ఆమెది, రెజిన్ పని చెల్లెలిది. ఏళ్ళ తరబడి ఒకే బల్లకు అటొకరు, ఇటొకరు. రెజిన్‌కు రెండు సీసాలు. రెండూ సమంగా కలిస్తేనే గట్టిపడుతుంది. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి, చెల్లెలికేమో పరధ్యానం. అందుకే మొదటి సీసా కింద పెట్టిన చప్పుడు వినగానే అక్క మట్టిలోంచి తలెత్తకుండా "రెండోది" అనేది.

మొన్న వేసవిలో చెల్లెలికి పక్క ఊరి బొమ్మల కార్ఖానాలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళనా అని అడిగింది.

"పో. నువ్వు లేకపోతే నా పని ఆగిపోతుందా?" అంది అక్క.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. చెల్లెలు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు పని ఆగింది. ఎందుకాగిందో ఆమెకు తెలుసు. మొదటి సీసా సగమైంది, రెండోది మూతి దాకా అలాగే ఉంది. ఒకే సీసాలోంచి రెండుసార్లు పోసింది. ఎన్నాళ్ళుంచినా అది గట్టిపడదు. జిగురంతా గీకేసింది. మళ్ళీ కలిపి పోసుకుంటే సరి, ఎవరినీ అడగక్కర్లేదు.

అయినా ఫోను అందుకుంది. ఫ్యాను చప్పుడు తప్ప ఇంట్లో మరో చప్పుడు విని చాలా రోజులైంది. ఒంటరితనం ఆమెను తినేస్తోంది. ఇన్నాళ్ళకు మాట్లాడడానికో వంక దొరికింది.

"రెజిన్ గట్టిపడట్లేదే," అంది, పలకరింపైనా లేకుండా.

చెల్లెలూ పలకరించకుండానే అడిగింది.

"జిగురుగా ఉందా?"

"ఊఁ."

"రెండోది పోశావా అక్కా?"

బొమ్మలక్క నిండు సీసా వైపు చూసింది. "చెప్పేవాళ్ళెవరే ఇక్కడ?"

చెల్లెలు నవ్వలేదు, దెప్పలేదు. "నాకూ ఎవరూ లేరు. నాకు నేనే పైకి చెప్పుకుంటున్నా. నీలాగే విసుగ్గా. పక్కవాళ్ళు పిచ్చిదనుకుంటున్నారు."

బొమ్మలక్క ఫోనును బల్లకు అటువైపు, చెల్లెలు కూర్చునే చోట పెట్టింది. మొదటి సీసా వంచి, కొలిచి, కింద పెట్టింది.

"నువ్వు లేకపోతే ఆగిపోయిందే," అంది.

కార్ఖానాలో గంట మోగడం ఫోనులో వినిపించింది. చెల్లెలు ముక్కు ఎగబీల్చింది.

"వెళ్ళాలక్కా. రెండోది పొయ్యి."

ఫోను కట్టయింది. ఎదుటి కుర్చీ ఖాళీగానే ఉంది. బొమ్మలక్క రెండో సీసా మూత తీసింది. ఈసారి కొలత తప్పలేదు.