పిచ్చుక వంతు

గొలుసు మూడోసారి కూడా పిచ్చుక దగ్గరే తెగింది.

గొలుసంటే మరేం లేదు. రెండో తరగతి పిల్లలు రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి ఫ్రెంచిలో మాట్లాడుకోవడం. మాట్లాడుకోవడం అన్నది కూడా పెద్ద మాటే. ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం ఇచ్చారు. ఎవరిది వాళ్లకు కంఠతా వచ్చు, పక్కవాళ్లది రాదు, తమదానికి అర్థం అసలే తెలీదు. ఇటువాడు ప్రశ్న వేస్తే అటువాడు ఠక్కున జవాబు చెప్పాలి. చూసేవాళ్లకు మాత్రం ఈ పిల్లలంతా పుట్టిందీ పెరిగిందీ ఆ భాషలోనే అనిపిస్తుంది. ఆ అనిపించడం కోసమే ఇదంతా. రేపు బడి చూడటానికి జనం వస్తారు. వాళ్ల పిల్లలతో వచ్చే ఏడాది సీట్లు నిండాలి.

పిచ్చుక అసలు పేరు హాజరు పట్టీలో ఉందిగాని ఆ పేరుతో ఎవరూ పిలవరు. క్లాసులో అందరికన్నా పొట్టిది, పైగా మాటలో నత్తి. దాని వంతుకు వచ్చిన వాక్యం ‘మా మెజో ఎ పెతీత్’. మొదటి అక్షరం దగ్గరే పెదవులు మూసుకుపోతాయి, ఇక తెరుచుకోవు. మెడ బిగుసుకుంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కాసేపు ఊరుకుంటే వాక్యమంతా ఒక్క తప్పు లేకుండా బయటికొస్తుంది. ఆ కాసేపు ఊరుకునే ఓపికే ఆ బడిలో ఎవరికీ లేదు.

కరస్పాండెంటు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఫ్రెంచి టీచరును వరండాలోకి పిలిచి, రేపు బడికి సెలవని ఆ పిల్ల తల్లికి చెప్పెయ్యమన్నాడు. టీచరుకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఏటా జరిగే తంతే అది. జనం వచ్చే రోజున తడబడేవాళ్లకు, మొద్దులనుకున్నవాళ్లకు, యూనిఫాం వెలిసిపోయినవాళ్లకు మాత్రమే బడికి సెలవు. స్టాఫ్ రూములో వాళ్లను సెలవు పిల్లలంటారు, టీ తాగుతూ నవ్వుకుంటారు కూడా. ఆవిడా నవ్విన రోజులున్నాయి.

“వాళ్లు ఫ్రెంచి ఫీజు విడిగా కట్టారు సార్,” అంది.

“కట్టారు. మనం చెప్తున్నాం కూడా. నలుగురిలో నిలబెట్టి చూపిస్తామని ఎక్కడన్నా రాసిచ్చామా?” నవ్వుతూనే అన్నాడు. “ఆ వాక్యం మీవాడికి నేర్పండి మేడం. చురుకైన కుర్రాడు. వాడి ఫీజు సంగతి కూడా వచ్చే నెలలో మళ్లీ చూడాలిగా.”

ఆవిడ కొడుకు ఇదే బడిలో మూడో తరగతి. తల్లి ఇక్కడ పని చేస్తోంది కాబట్టి వాడికి ఫీజు లేదు. కట్టాల్సి వస్తే ఆవిడ నాలుగు నెలల జీతం దానికే చాలదు. నిజానికి ఆవిడ చేరింది లెక్కలు చెప్పడానికి. డిగ్రీలో మార్కులు బాగా పడతాయని అందరూ ఫ్రెంచి తీసుకుంటే తనూ తీసుకుంది. సర్టిఫికెట్లో ఆ ముక్క కరస్పాండెంటు కంట పడ్డ వారంలోనే గేటు మీద ‘ఒకటో తరగతి నుంచే ఫ్రెంచి’ అని బోర్డు వెలిసింది. జీతం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అర్థాలు చెప్తూ కూర్చుంటే టైం దండగ, నోటికొస్తే చాలని ఆయన మొదటి రోజే తేల్చేశాడు.

అర్థం అడిగింది క్లాసు మొత్తానికి పిచ్చుక ఒక్కతే. ‘మా ఇల్లు చిన్నది’ అని టీచరు చెవిలో చెప్తే పకపకా నవ్వింది. “ని... నిజమే టీచర్, మాది చాలా చిన్నది. మీ... మీకెలా తెలుసు?” అంది. అప్పట్నుంచి ఆ వాక్యం తన సొంతమన్నట్టు తిరుగుతోంది.

సాయంత్రం గేటు దగ్గర పిచ్చుక తల్లి కనిపించింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని ఆవిడది. జుట్టు మీద దూది నూగు కూడా దులుపుకోకుండా వచ్చింది.

“రేపు నేనూ రావచ్చా టీచర్? సగం పూట సెలవు అడిగాను. ఇంట్లో గోడకేసి చూస్తూ ఒకటే చెప్పుకుంటోంది. నాకు ముక్క అర్థం కాదనుకోండి. అయినా అది అలా చెప్తుంటే వినాలనుంది.”

సెలవన్న మాట టీచరు నాలుక చివరిదాకా వచ్చింది. “రండి,” అనేసి, వెనక్కి చూడకుండా నడిచింది. తనలా అన్నది ధైర్యంతో కాదని ఆవిడకు తెలుసు. చెప్పడానికి మొహం చెల్లక అంది. రేపటి సంగతి రేపే ఏదో ఒకటి అవుతుందనుకుంది.

ఇంటికెళ్లి కూర తరుగుతూ కొడుక్కి వాక్యం చెప్పింది. వాడు రెండుసార్లు విని అప్పజెప్పేశాడు.

“ఇది పిచ్చుకది కదమ్మా?”

“రేపటికి నీది.”

“మరి పిచ్చుకేం చెప్తుంది?”

వెళ్లి కాళ్లు కడుక్కోమని కసిరింది. వాడి మీద ఎందుకు కసిరానా అని తర్వాత బాధపడింది.

మర్నాడు హాలు నిండిపోయింది. పిచ్చుక తల్లి వెనక వరసలో, గోడవార కుర్చీలో కూర్చుంది. పిచ్చుక యూనిఫాం ఇస్త్రీ మడతలు కూడా పోలేదు. కరస్పాండెంటు ఆ ఇద్దర్నీ చూసి టీచరు దగ్గరికొచ్చి, పళ్ల మధ్య నుంచే, పిల్లను తల్లి దగ్గర కూర్చోబెట్టమన్నాడు. ఆవిడ వెళ్లి, ఈసారికి ఇక్కడే కూర్చో తల్లీ అని చెప్పింది. పిచ్చుక తలూపింది. తల్లి ఏమీ అడగలేదు, పిల్లను ఒళ్లోకి లాక్కుంది. అడిగి ఉంటే బాగుండేదని టీచరుకు అనిపించింది. అబద్ధం కూడా సిద్ధం చేసుకుంది మరి.

గొలుసు మొదలైంది. పేర్లయ్యాయి, వయసులయ్యాయి, కుక్కపిల్ల రంగయింది. ముందు వరసల్లో ఫోన్లు పైకి లేచాయి. కరస్పాండెంటు ఛాతీ ఉప్పొంగింది. మీ ఇల్లెలా ఉంటుందని ఇటు వరస పిల్లాడు గొంతెత్తి అడిగాడు.

టీచరు కొడుకు నోరు తెరిచాడు. అప్పుడే వెనక ఒక కుర్చీ కదిలింది.

తల్లి ఒళ్లోంచి దిగి పిచ్చుక నిలబడింది. ఆ ప్రశ్న వినపడితే లేచి జవాబు చెప్పాలని దానికి నేర్పింది ఈ టీచరే. రోజూ అదే నేర్పింది. తన వంతును ఇంకొకరికి ఇచ్చేశారని దానికి ఎవరు చెప్పారు కనక? చేతులు కట్టుకుని, వరసలో ఉన్నప్పటిలాగే తల పైకెత్తింది. పెదవులు మూసుకుపోయాయి.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. కొడుకు టీచరు వైపు చూశాడు. ఆవిడకు ఫీజు గుర్తొచ్చింది, వచ్చే నెల గుర్తొచ్చింది. అయినా వెళ్లి కొడుకు భుజం మీద చెయ్యేసి, నువ్వు చెప్పకు అంది.

“తర్వాతి వాళ్లు చెప్పండి, తర్వాతి వాళ్లు,” కరస్పాండెంటు చప్పట్లు కొట్టాడు.

పక్కన తర్వాతి వంతు ఉన్న పిల్లాడు చెప్పడానికి గాలి పీల్చుకున్నాడు.

“ఆగండి సార్,” అంది టీచరు. ఆ మాట హాలంతా వినపడింది. “ఆ పిల్ల ఇంకా చెప్తోంది.”

చప్పట్లు ఆగిపోయాయి. పిల్లను వెనక్కి లాగబోయిన తల్లి చెయ్యి సగంలోనే నిలిచిపోయింది. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. పిచ్చుక పెదవులు ఇంకా తెరుచుకోలేదు.