మంచం దాకా వచ్చిన పాదాలు

మధ్యాహ్నం ఒంటిగంటకు మా ఊరి పోస్టాఫీసు కౌంటరు మూసి గుమాస్తా బైకుంఠ మెహెర్ బయల్దేరితే ఇల్లు రెండు నిమిషాల దారి. వెళ్ళేసరికి పఖాళ గిన్నె, వేయించిన వడియాలు, ఒక పచ్చిమిరపకాయ పీట ముందు ఉంటాయి. నీళ్ళన్నం అడుగంటా తాగి వసారాలో నులకమంచం మీద వాలితే, రెండింటిదాకా ఆయన్ని లేపే మొనగాడు ఊళ్ళో లేడు. మనియార్డరు కోసం వచ్చినవాళ్ళు కూడా "బాబు కునుకు తీస్తున్నారు" అనుకుని పోస్టాఫీసు అరుగు మీద కూచునేవారు. పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

అలాంటి మనిషికి దసరా వెళ్ళాక సంబల్‌పూర్ పెద్దాఫీసుకి ప్రమోషను వచ్చింది. జీతం పెరుగుతుంది, ఉండడానికి ఇల్లిస్తారు. వద్దనుకుంటే పది రోజుల్లో రాసివ్వాలి.

భార్య సుకాంతి సంగతి ఆయనకు తెలియంది కాదు. పెళ్ళినాటికే ఆమెకు సంబల్‌పూర్‌లో నర్సు ట్రైనింగుకి సీటొచ్చింది. పిల్లలు పుట్టాక చేరొచ్చులే అంది అత్తగారు. పిల్లలు పుట్టలేదు, అత్తగారు పోయింది, ట్రైనింగు మాట మూలన పడింది. ఈ వేసవిలో సుకాంతి మళ్ళీ దరఖాస్తు పెట్టింది, మళ్ళీ సీటొచ్చింది. ముప్పై అయిదు నిండితే తీసుకోరు. ఆమెకు ముప్పై నాలుగు నడుస్తోంది. మార్గశిరం ఆఖరి శుక్రవారానికల్లా చేరాలి.

"మీకు అక్కడికి బదిలీ అయితే బావుణ్ణు," అంది ఒకరోజు బియ్యం ఏరుతూ.

"చూద్దాంలే," అన్నాడు బైకుంఠ.

చూశాడు. పెద్దాఫీసులో మధ్యాహ్నం పడుకోనివ్వరు. అక్కడ ఆయన్ని బాబూ అని పిలిచేవాడూ ఉండడు. ఇంతే కారణం, ఇంతకు మించి చీమ తలంత కూడా లేదు. కానీ కాగితం మీద అలా రాయలేడు కదా. కారణం అని ఉన్నచోట కాసేపు కలం నమిలి, 'నా భార్య ఈ ఊరు వదిలి రావడానికి ఒప్పుకోవడం లేదు' అని రాసి సంతకం గీకాడు. ఇంటికొచ్చి, "ప్రమోషన్ల లిస్టులో నా పేరు లేదు," అన్నాడు.

"పోనీలెండి, మీరు బాధపడకండి," అని సుకాంతి ఇంకో గరిటె వడ్డించింది. ఆ గరిటెడు ఆయన గిన్నెలోనే వదిలేశాడు. నిద్ర మాత్రం పట్టింది.

మార్గశిరం వచ్చింది. మొదటి గురువారం ఊళ్ళో ఆడవాళ్ళందరిలాగే సుకాంతీ చీకటితో లేచి, వాకిలి అలికి, బియ్యప్పిండి తడిపి లక్ష్మి పాదాలు వేసింది. వీధిలోంచి గడప మీదుగా, లోపల కొత్త వడ్లు నింపి పెట్టిన కుంచం దాకా. పిండి ఆరేసరికి పాదాలన్నీ వెనక్కి తిరిగి బయటికి నడుస్తున్నాయి. పైగా ప్రతి కుడిపాదానికీ చిటికెనవేలు వంకర. చిన్నప్పుడు రోకలి పడి సుకాంతి కుడికాలి చిటికెనవేలు అలాగే వంకరపోయింది.

వీధి చివర టీకొట్టు నడిపే ఖేత్రి, ఊరందరికీ మావుసి అంటే పిన్ని, పాల చెంబుతో వచ్చి చూసింది. "మీ పాదాలు అటు తిరిగాయా? సరే, మా మేకని ఇటు రానివ్వనులే," అని పోయింది. వీధిలో ఇంకెవరూ దాని గురించి మాట్లాడలేదు. పాదాలను తొక్కకుండా ఎడంగా నడిచారు, అంతే. బైకుంఠ ఒక్కడే చాటుగా తడిగుడ్డతో తుడిచాడు. చెయ్యి తీయగానే మళ్ళీ తేలాయి.

రెండో గురువారం అవి ఖేత్రి కొట్టు దాకా వెళ్ళాయి. సుకాంతి పంచదార కోసం అటే వచ్చింది. బైకుంఠ బల్ల మీద కూచుని టీ తాగుతున్నాడు.

"ఏమే, మొగుడికి పై ఉద్యోగం వస్తే ఊరు కదలనన్నావట? పోస్టుమాస్టరు చెప్పాడు," అంది ఖేత్రి. "మా ఆయనకే వచ్చుంటే గిన్నెలు నెత్తిన పెట్టుకుని ముందు నేనే పరిగెత్తేదాన్ని."

బైకుంఠ తల గ్లాసులో దూర్చేశాడు. సుకాంతి ఆయనవైపు ఒక్కసారి చూసింది.

"అవును మావుసీ. నేనే రానన్నాను," అంది. పంచదార పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో తిట్టి ఉంటే ఆయన బతికిపోయేవాడు. తిట్టలేదు. పఖాళ పెట్టింది, పచ్చిమిరపకాయ పెట్టింది. ఆరోజు మొదటిసారి ఆయనకు కునుకు పట్టలేదు.

మూడో గురువారం పాదాలు బస్‌స్టాండు చేరాయి. బైకుంఠ పోస్టుమాస్టరు త్రిపాఠీ దగ్గరికి పరిగెత్తాడు.

"నేనిచ్చిన కాగితం వెనక్కి ఇచ్చేయండి."

"ఇంకెక్కడి కాగితం, బైకుంఠ బాబూ? మీ తర్వాతి పేరువాడు పోయి కుర్చీలో కూచున్నాడు కూడా. అయినా, మీ ఆవిడ ఒప్పుకుందా ఏమిటి?"

ఆ ప్రశ్నకు బైకుంఠకు తల తీసేసినట్టయింది. వెనుదిరిగి వచ్చేశాడు.

ఇక మిగిలింది ఆఖరి గురువారం. సుకాంతి స్నానానికి వెళ్ళిన సమయం చూసి పిండిగిన్నె తానే అందుకున్నాడు. తన చేత్తో లోపలికి వేస్తే తిరగవేమోనని ఆశ. మగాడు ముగ్గేయడమేమిటని ఎవరైనా నవ్వినా పడదామనుకున్నాడు. గడప నుంచి కుంచం దాకా వంగి వంగి వేశాడు.

పిండి ఆరింది. పాదాలు బయటికి తిరగలేదు. కానీ కుంచం దగ్గరా ఆగలేదు. దాన్ని తప్పుకుని వసారాలోకి పోయి, నులకమంచం పక్కన చెప్పులు విడిచినట్టు జతగా ఆగాయి. అవి వెడల్పుగా ఉన్నాయి, మడమలు పగిలి ఉన్నాయి. ఎవరివో అడగక్కర్లేదు.

సుకాంతి తడిజుట్టుతో వచ్చింది. గడప దగ్గర్నించి వాటి వెంట నెమ్మదిగా నడిచి మంచం దగ్గర ఆగింది.

"ఇందుకా?" అంది.

"ఇందుకే," అన్నాడు బైకుంఠ నేల చూస్తూ. "నీ పేరు పెట్టి రాశాను. తప్పు చేశాను సుకాంతీ."

"రాశారని కొట్టు దగ్గరే తెలిసింది. కొత్త ఊరంటే భయపడ్డారేమో అనుకున్నాను. భయం నాకూ ఉంది, అందుకే నోరు మెదపలేదు." ఆమె మంచం వైపు మళ్ళీ చూసింది. "నిద్ర కోసమనుకోలేదు."

సుకాంతి తడిజుట్టు ముడి వేసుకుంది.

"ట్రైనింగు దగ్గరే హాస్టలుంది. పెళ్ళయినవాళ్ళకీ ఇస్తారట. మిమ్మల్ని ఒంటరిగా వదిలేయడమెందుకని ఇన్నాళ్ళూ అడగలేదు. పఖాళకేముంది, అన్నంలో నీళ్ళు పోసుకోవడమేగా."

గురువారం ఇల్లు విడవకూడదని ఆ రోజు ఆగింది. పూజ చేసింది, బియ్యప్పిండితో పిఠాలు వండింది, పెట్టె సర్దుకుంది. శుక్రవారం పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరింది. పెట్టె మోస్తూ బైకుంఠ వెనక నడిచాడు. వంకరవేలి పాదాలు వీధంతా దాటి, బస్సు మెట్టెక్కి, లోపలికి వెళ్ళాయి.

"మూడో వరసలో కిటికీ దగ్గర ఆగాయమ్మా, అది మీ సీటే," అన్నాడు కండక్టరు టికెట్టు చింపుతూ.

బస్సు వాళ్ళకు టీ ఇవ్వడానికి వచ్చిన ఖేత్రి నోరు ఊరుకుంటుందా? "ఊరు కదలనంది కదయ్యా, ఇప్పుడు ఒక్కతే ఎలా పోతోంది?"

కిటికీలో సుకాంతి వింటోంది. ఈసారి ఆమె నోరు తెరవలేదు.

"ఆమె అలా అనలేదు మావుసీ," అన్నాడు బైకుంఠ. "నేను అబద్ధం రాశాను. మధ్యాహ్నం పడుకోవడానికి."

టీ తాగుతున్నవాళ్ళంతా అటు తిరిగారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఆయనకు కాస్త తేలికపడేది. ఖేత్రి ఆయనకివ్వబోయిన గ్లాసు డ్రైవరుకిచ్చింది. బస్సు కదిలింది.

ఇంటికి రావాలంటే ఆ పాదాలకు ఎదురు నడవాలి. తొక్కకూడదని బైకుంఠ కాలవగట్టు పట్టుకుని, బురదలో నడిచి వచ్చాడు.

బయటికెళ్ళిన పాదాలు సాయంత్రానికి పొడై రాలిపోయాయి. మంచం దగ్గరి జత మాత్రం పీచుపెట్టి రుద్దినా పోలేదు, ఇవాళ్టికీ ఉంది. ఇప్పుడు మా పోస్టాఫీసు కౌంటరు మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకల్లా తెరుచుకుంటుంది. అరుగు మీద ఎవరూ ఎదురు చూడక్కర్లేదు.