ఊరికే పడుకోవడం

కండక్టరమ్మ పరుగెత్తడం మీద ఆ ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. తెల్లారకముందే మైదానానికి పోయొచ్చి, అందరికీ వండిపెట్టి, వేళకి బస్సెక్కి డ్యూటీ చేసుకుంటున్నంతకాలం ఆవిడ ఎంత దూరం పరుగెత్తితే మాత్రం ఎవరికేం నొప్పి?

డిపోలో డ్రైవరన్న మాత్రం వదిలేవాడు కాదు. "బస్సు మనదే, టిక్కెట్టు కూడా అక్కర్లేదు. ఆ పరుగేంటి చెల్లెమ్మా?" అని రోజూ ఓసారి అనకపోతే ఆయనకి బండి స్టార్టయ్యేది కాదు.

పోయినేడు మారథాన్‌లో సగం దారిలోనే పిక్కలు పట్టేశాయి. రోడ్డు పక్కన కూలబడితే మొగుడు స్కూటరేసుకొచ్చి ఇంటికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఆయన ఒక్క మాట అనలేదు. ఆ లోటు ఆడపడుచు తీర్చింది. 'సగం పరుగు' అని మరదలికి పేరు పెట్టి, చుట్టాలందరికీ పంచిపెట్టింది.

"ముందురోజు ఏం చేశారక్కా?" అని అడిగింది మైదానంలో కోచ్ అమ్మాయి.

"ఏం చేస్తాను? చుట్టాలొచ్చారు. రోజంతా పొయ్యి దగ్గర నిలబడ్డాను. మిగిలింది తిన్నాను."

"మరి పిక్కలు పట్టెయ్యక ముద్దు పెట్టుకుంటాయా?"

పరుగెత్తడం ఒక్కటే సాధన కాదంది ఆ పిల్ల. కడుపునిండా తినాలి, కంటినిండా నిద్రపోవాలి, పెద్ద పరుగుకి ముందు ఊరికే పడుకోవాలి. ఒళ్లు గట్టిపడేది పరుగెత్తేటప్పుడు కాదు, ఆ తర్వాత పడుకున్నప్పుడు.

ఆవిడ నవ్వేసింది. "పరుగెంతైనా పెట్టించు తల్లీ. పడుకోవడమే మా ఇంట్లో కష్టం."

అయినా ఈసారి పట్టు పట్టింది. దూరం కొంచెం కొంచెంగా పెంచింది. మైదానం నుంచి రాగానే అందరికంటే ముందు తను తినడం మొదలుపెట్టింది. అత్తగారు కంచం వైపు చూసి, "అప్పుడే ఆకలా?" అంటే, "పరుగెత్తింది నేనే కదా అత్తయ్యా" అని ఇంకో ముద్ద కలుపుకుంది. అంతవరకూ ఇల్లు ఎలాగో ఓర్చుకుంది.

అసలు గొడవ ఈ ఏటి మారథాన్‌కి ముందురోజు పొద్దున్నే వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటిల్లిపాదీ వస్తున్నామని ఆడపడుచు ఫోన్ చేసింది.

"రానివ్వండి" అంది ఆవిడ మొగుడితో. "వంట మీరు చెయ్యండి. చేతకాకపోతే బయటినుంచి తెప్పించండి. నేను పడుకుంటున్నాను."

"ఒంట్లో బాగోలేదా?"

"భేషుగ్గా ఉంది. రేపటిదాకా అలాగే ఉంచుకుందామని."

"అక్కయ్యకి ఏం చెప్పను?"

"పడుకుందని చెప్పండి. అబద్ధం కూడా ఆడక్కర్లేదు."

అత్తగారు గది గుమ్మంలోకొచ్చి నిలబడింది. "జ్వరమొచ్చినా ఈ ఇంటి ఆడవాళ్లు పగటిపూట మంచమెక్కలేదు."

"నాకు జ్వరం కూడా లేదత్తయ్యా. హాయిగా ఎక్కాను."

మధ్యాహ్నం ఆడపడుచు ఇంకా చెప్పులు విప్పుతుండగానే ఆమె గొంతు లోపలికొచ్చింది. "ఏం మరదలా, పరుగు మొదలే కాలేదు, అప్పుడే పడిపోయావా?"

హాల్లో అంతా గొల్లుమన్నారు. కాళ్లు గోడకి ఆనించి వెల్లకిలా పడుకున్న ఆవిడకి లేచిపోదామనిపించింది. ఇన్నేళ్ల అలవాటు, మోకాళ్లు వాటంతటవే వంగాయి. పళ్లు బిగబట్టి వాటిని మళ్లీ చాచింది.

"రండి వదినా. మంచినీళ్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి. మీ తమ్ముడుగారు ఉల్లిపాయలతో కుస్తీ పడుతున్నారు, కాస్త చెయ్యి సాయం చెయ్యండి."

"మేం చుట్టాలమమ్మా!"

"ఇవాళ్టికి నేనూ చుట్టాన్నే."

ఆడపడుచు గుమ్మందాకా వచ్చింది. "రేపు కూలబడితే మావాడు మళ్లీ స్కూటరేసుకుని పరుగెత్తాలా?"

"అక్కర్లేదు. కూలబడితే లేచి నడిచొస్తాను. కానీ మీకు వండి మాత్రం కూలబడను."

వంటింట్లోంచి మొగుడు, "ఉప్పెంత వెయ్యాలి?" అని అరిచాడు. ఎవరిని అడిగాడో ఎవరికీ తెలియలేదు. అత్తగారే విసురుగా అటు నడిచింది.

వంటయ్యాక ఆవిడ లేచొచ్చి, అందరూ చూస్తుండగా ముందు తనకే వడ్డించుకుంది. అన్నం పలుకుగా ఉంది, కూర అడుగంటింది. మారు వడ్డించుకుని మరీ తిని, తన కంచం కడుక్కుని, గదిలోకెళ్లి తలుపేసుకుంది.

హాల్లో అందరి భోజనాలూ అయ్యాయి. తర్వాత ఆడపడుచు గొంతు వినిపించింది. "మరి ఈ గిన్నెలెవరు తోముతారు?"

ఆవిడ దుప్పటి మెడదాకా లాక్కుని కళ్లు మూసుకుంది.