మాబు మొహం

దేవుడికి ఆ రోజు తీరిక లేదో, అచ్చు మార్చడానికి బద్ధకమో గానీ, పర్చూరు పక్కన ఓ ఊళ్ళో పరుపులు కుట్టే ఇంటికి ఒకే మొహాన్ని రెండుసార్లు పంపాడు. ముందొచ్చినవాడు మాబు, వెనకే వచ్చినవాడు సుభానీ. కన్నతల్లి కూడా ఒకడికే రెండుసార్లు పాలిచ్చి రెండోవాణ్ణి పస్తు పడుకోబెట్టేదని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

అలాంటి జంట కంటబడితే నాటకాల యలమందయ్య వదులుతాడా? పొగాకు పండించేది పొట్టకోసం, నాటకం వేసేది ప్రాణం కోసం అనే మనిషాయన. తిరునాళ్ళలో తప్పిపోయిన కవలల హాస్య నాటకం ఒకటి పట్టుకొచ్చి, ఇద్దరికీ ఒకే రకం నీలం కోట్లు కుట్టించాడు. అందులో తమ్ముడు తెలియక అన్న ఉండే ఊరొస్తాడు. వదిన అతణ్ణే మొగుడనుకుని, చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయి, పీట వేసి అన్నం వడ్డిస్తుంది. అక్కడ జనానికి నవ్వలేక పొట్టలు చెక్కలయ్యేవి. పదేళ్ళు ఆడినా ఆ నవ్వు తగ్గలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో మాబు మిరపకాయల టిక్కీ బస్తాల మీద కూర్చుని గుంటూరు యార్డుకి పోతుంటే లారీ తిరగబడింది. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. పరుపుల కొట్లోంచి పరిగెత్తుకొచ్చిన సుభానీని చూసి ఆడవాళ్ళు ఒక్కసారి ఏడుపు ఆపేశారు. తర్వాత రెట్టింపు ఏడ్చారు. సుభానీకి మాత్రం ఏడుపు రాలేదు. లోపలంతా దూది కుక్కినట్టుంది, అంతే.

మాబు భార్య ఖుర్షిదా ఇద్దత్‌లో కూర్చుంది. మొగుడు పోయినామె నాలుగు నెలలకు పైగా గడప దాటకూడదు, పరాయి మగాడి కంట పడకూడదు. మరిదీ పరాయివాడి కిందే లెక్క. పెళ్ళికాని సుభానీ పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లోనే తిని ఆ ఇంట్లోనే పడుకున్నాడు. ఇప్పుడు పడక కొట్లోకి మార్చాడు. గడువు తీరాక ఇంట్లోకి మళ్ళీ రానిస్తారా, అదొక్కటే అతని బుర్రలో తిరిగేది. అదీ నెమ్మదిగా తిరిగేది.

వానలు మొదలయ్యాక యలమందయ్య వచ్చి దూది బస్తా మీద చతికిలపడ్డాడు.

"ఏరా సుభానీ, పర్చూరు చవితి పందిట్లో ఆట ఒప్పుకున్నాను. రెండు వేషాలూ నువ్వే కట్టాలి."

"చివర్లో ఇద్దరూ ఎదురుపడాలి గదా బాబాయ్."

"మన తెర లాగే ప్రేమ్‌చంద్‌కి కోటు తొడిగి, వాడి వీపు జనం వైపు పెట్టి నిలబెడతాం. వాడి మొహం ఎవరిక్కావాలి?"

సుభానీ సరేనన్నాడు. కాదనడానికైనా కాస్త ఓపికుండాలి గదా.

పర్చూరులో జనం విరగబడ్డారు. వదిన వేషం కట్టిన కోటేశ్వరి అతణ్ణి లాక్కుపోయి పీట వేసింది. ఉత్తుత్తి అన్నం కలుపుతుంటే, పందిరంతా నవ్వుతుంటే, సుభానీకి నిజంగా ఆకలేసింది. అన్న పోయాక అతనికి ఆకలి తెలియడం అదే మొదలు. ఆఖరున ప్రేమ్‌చంద్‌ని కావలించుకుని "అన్నా, నువ్వా" అన్నాడు. ప్రేమ్‌చంద్ దగ్గర బీడీ కంపు కొట్టింది. మాబు బీడీ తాగడు. చప్పట్లు మోగాయి. సుభానీకి ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు కొంచెం సిగ్గేసింది.

మర్నాడు మేనమామ బుడాన్ కొట్టుకొచ్చాడు.

"గడువు తీరగానే ఖుర్షిదాని నువ్వే నిఖా చేసుకో. మనలో తప్పు లేదు. నీ ఇల్లు నీకు దక్కిద్ది."

"ఆమె ఏమంటదో మామా."

"ఏమంటది? అదే మొహమాయె."

చూశారా, లోకానికి ఎంత తేలికో! మొహం మిగిలితే చాలు, మనిషి మిగిలినట్టే. సుభానీ సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. అతనికి కావాల్సింది పెళ్ళాం కాదు. ఆ వంటింటి గోడకి ఆనుకుని ఓ ముద్ద తినడం, అంతే.

ఇద్దత్ తీరింది. సుభానీ తలకు పోసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని ఇంటికి బయల్దేరాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఖుర్షిదా దూరాన్నుంచే చూసింది. చేట కింద పెట్టి లేచి నిలబడింది. ఆమె మొహం విచ్చుకుంది. అతను దగ్గరికి నడిచేకొద్దీ అది వాడిపోవడం అతనికి స్పష్టంగా కనిపించింది.

"వదినా" అన్నాడు.

"బుడాన్ మామ కబురు చేశాడు" అంది. "నీ మీద నాకు కోపం లేదు సుభానీ. నువ్వు మంచోడివి. కానీ ఇందాక వీధి మొగలో కనపడ్డావు చూడు, అప్పుడు ఆయనే వస్తన్నాడు. బోరింగు దాకా ఆయనే. గుమ్మం కాడికొచ్చేసరికి నువ్వయిపోయావు. నిన్ను ఇంట్లో పెట్టుకుంటే నాకు రోజూ ఆయన పోతానే ఉంటాడు."

సుభానీ తల ఊపాడు. తినడానికొచ్చానని చెప్పలేదు. వెనక్కి తిరిగాడు.

"సుభానీ."

ఆగాడు.

"పొద్దుగూకేటప్పుడు ఆ మొగలో రోజూ ఓసారి కనపడి పో. ఇటు మాత్రం రామాక."

మర్నాడు సాయంత్రం కొట్టు కట్టేసి వీధి మొగలోకి వచ్చి నిలబడ్డాడు. అంత దూరాన గుమ్మంలో ఖుర్షిదా చెయ్యెత్తింది. ఎవరికి ఎత్తిందో అతనికి తెలుసు. సుభానీ కూడా చెయ్యెత్తాడు, మాబు ఎలా ఎత్తుతాడో అలా. అప్పుడొచ్చింది ఏడుపు. తుడుచుకుంటే ఆమెకి తెలిసిపోతుందని, తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు.