కలిసి తిరగని పూసలు

మా చెల్లెలు మూడేళ్ళుగా ఒక నీటిబొట్టులో రెండు గాజుపూసల్ని తిప్పుతోంది. పూస అంటే వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. మైక్రోస్కోపు లేనిదే కనపడదు. ఒక్కోదాన్ని ఒక్కో లేజరు కిరణం పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంది. ఒకటి తిరిగితే చుట్టూ నీళ్ళు కదులుతాయి, ఆ కదలిక రెండోదాన్ని నెడుతుంది. కాసేపటికి రెండూ అడుగులో అడుగు వేసుకుంటూ తిరగాలి. తిరిగితే దానికి డాక్టరేటు, లేకపోతే మూడేళ్ళూ గంగపాలు. ఆ ల్యాబుకి పెద్దదాన్ని నేనే.

పూసలు మాత్రం నువ్వెవరో నేనెవరో అన్నట్టు తిరిగేవి. శుక్రవారం లేజరు వేరే బృందానికి ఇచ్చేయాలి. గురువారం పొద్దున వెళ్ళి చెల్లెలి వెనక నిలబడ్డాను.

"కిరణం బిగుతుగానే ఉందా?"

"ఉందక్కా. పూస గీసిన గీత దాటట్లేదు. నువ్విలా నిలబడితే అవి ఇంకా బిగుసుకుపోతాయి గానీ, వెళ్ళి టీ తాగిరా."

తప్పు పట్టడం నాకు వెన్నతో పెట్టిన విద్య. టీ మానేసి, దాని పాత ఫైళ్ళు ముందేసుకున్నాను. మొదటి ఏడాది వీడియో ఒకటుంది. అప్పట్లో కిరణం వదులు, పూసలు తాగినవాడిలా తూలుతున్నాయి. కింద నేను రాసిన మాట: "చెత్త. బిగించు." అప్పుడు రెండు నిమిషాలకే ఆపేశాను. ఈసారి చివరిదాకా చూశాను. తొమ్మిదో నిమిషంలో రెండు పూసలూ కలిసి తిరిగాయి.

విషయం చిన్నదే. నీళ్ళు నెట్టినప్పుడు పూస కాస్త పక్కకి ఒరగాలి. బయటికి ఒరిగి పెద్ద చుట్టు పట్టింది వెనకబడుతుంది, లోపలికి ఒరిగి చిన్న చుట్టు పట్టింది అందుకుంటుంది. ఒరగడానికి చోటు లేకుండా చేసింది నేనే.

కిరణం వదులు చేయించాను. పదకొండు నిమిషాలకి రెండూ కలిసి తిరిగాయి. సాయంత్రంలోగా మరో నాలుగుసార్లు చూశాం, నాలుగుసార్లూ కలిశాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"తప్పు నాదేనే," అన్నాను. "మూడేళ్ళు ఊరికే తిప్పించాను."

చెల్లెలు అంకెలు రాసుకుంటూనే ఉంది. "నాకు అప్పుడే అనుమానం వచ్చిందక్కా."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. రెండుసార్లు."

దాని గొంతులో కోపం లేదు. ఎంత ఆలోచించినా నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.