తలూపిన మలుపు

నాలుగు గొట్టాలు, ఒకటే నోరు: అదీ నా ఆకారం. ఇంజన్ వదిలే వేడి పొగను పోగుచేసి సైలెన్సర్‌కు అప్పగించే హెడర్‌ని నేను. గాజువాక ఆటోనగర్‌లో వెల్డరు యూసుఫ్ చేతిలో పుట్టాను. పుట్టినప్పటి నుంచీ, కాళ్లు లేకపోయినా, నాకు ఒకచోట కాలు నిలవదు.

దుకాణంలో నా పక్కన మరో హెడర్ ఉండేది. మందపాటి గొట్టాలు, మసిరంగు. నేను పలచన, మెరుపు. గుమ్మంలో ఎవరి నీడ పడినా నన్ను తీసుకుపొమ్మని లోలోపల కొట్టుకునేదాన్ని.

ఒకరోజు గౌరునాయుడు, అతని భార్య అసిరమ్మ వచ్చారు. పాడేరు కొండల మీద అల్లం, అనాసపళ్లు కొని, పాత పికప్ బండిలో విశాఖకు తెచ్చి అమ్ముకునే మనుషులు. బండితో వచ్చిన పోత ఇనుప గొట్టం పగిలి, పొగ క్యాబిన్‌లోకి కొడుతోందట.

"మందపుది బిగించుకో నాయుడూ. వేడికి వంకర పోదు, చప్పుడూ తక్కువ" అన్నాడు యూసుఫ్.

"మరి ఇదో?" గౌరునాయుడు నన్ను చూపించాడు.

"ఘాట్‌లో బాగానే లాగుద్ది. కానీ అరుస్తది."

"అరవాల! ముందు బండోడు పక్కకి తప్పుకోవాల."

"బండిలోనే గదా మావా మనం మాటాడుకునేది" అంది అసిరమ్మ మెల్లగా.

గౌరునాయుడు నవ్వేశాడు. మనుషులు సలహా అడిగేది నిర్ణయం తీసేసుకున్నాకే అని నాకా రోజు తెలిసింది.

నన్నే బిగించుకున్నాడు. ఘాట్ మొదటి ఎత్తులోనే గర్జించాను. కొండ బదులు పలికింది. గౌరునాయుడు మీసం దువ్వాడు. అసిరమ్మ నాలుగు రోజులు గొంతు చించుకుని మాట్లాడి, తరవాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అది నా గెలుపనుకున్నాను.

ఓ గురువారం, నిట్టనిలువు మలుపులో, ఆమె మెడ మీద చెయ్యి వేసుకుని భర్తకేసి తిరిగి చాలాసేపు ఏదో చెప్పింది. అతను చిరునవ్వుతో తలూపి గేరు మార్చాడు.

పన్నెండు రోజుల తరవాత, కొండ మీద టీ బడ్డీ దగ్గర బండి ఆపినప్పుడు ఆమె అంది: "సోమవారం నుంచి నాను రాలేను మావా. ఆపరేషను."

"ఏ ఆపరేషనే?"

"గొంతులో గడ్డకి. మాట పోయినా పోవచ్చన్నాడు డాక్టరు. సేయించుకోనా అని నిన్నడిగినాను గదా. తలూపినావు. సంతకం ఎట్టేసినాను."

గౌరునాయుడు గ్లాసు అలాగే బల్ల మీద పెట్టేశాడు. తాను వినని ప్రశ్నకు తానిచ్చిన జవాబు పట్టుకుని, ఆమె ఇన్నాళ్లూ ఒంటరిగా ధైర్యం కూడగట్టుకుంది.

ఆ పూట సరుకు ఎత్తలేదు. నేరుగా ఆటోనగర్‌కు దిగి, నేనింకా కాలుతుండగానే విప్పబోయి వేళ్లు కాల్చుకున్నాడు.

"సల్లారనీ నాయుడూ, ఏం తొందర?" అన్నాడు యూసుఫ్.

"సోమవారానికి ఆరు రోజులే ఉన్నాయి. దాన్ని మాటాడించుకోవాల."

మందపు హెడర్‌తో బండి వెళ్లిపోయింది. నేను దుకాణం ముందు పాత ఇనుము కుప్పలో పడ్డాను. ఇక్కడా కుదురు లేదు. వచ్చే ప్రతి బండి చప్పుడుకీ ఉలిక్కిపడుతూనే ఉన్నాను.

నెలన్నర తరవాత ఆ పికప్ వచ్చి కుప్ప పక్కనే ఆగింది. అసిరమ్మ మెడకు తువ్వాలు చుట్టుకుని ఉంది. పెదాలు కదిలాయి. గాలికన్నా సన్నని బొంగురు శబ్దం.

గౌరునాయుడు ఇంజన్ ఆపేసి ఆమె వైపు వంగాడు.

"ఏటన్నావు? మళ్లీ సెప్పు."

ఆమె మళ్లీ చెప్పింది. నేనూ ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గాను. ఆ మాట నాదాకా రాలేదు.