ఐలయ్య ముందే పంపిన ఓటు

ఖాజాగూడలో తెల్లవారగానే ఆడవాళ్ళు చేసే మొదటి పని పొయ్యి రాజెయ్యడం కాదు, గుట్ట ఎక్కడం. ఊరిని ఆనుకొని ఉన్న ఆ గుట్టకు ఉత్తరపు వాలు ఒకటుంది. చలికాలమంతా అక్కడ ఎండ పడదు. ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషికీ ఆ వాలు మీద ఒక రాయి ఉంటుంది. బిడ్డ పుట్టిన రోజు తండ్రి పోయి అరచెయ్యి ఆనించి చూసుకుంటూ నడిస్తే, నిన్నటిదాకా చల్లగా ఉన్న రాళ్ళలో ఒకటి ఒంటి వేడితో తగులుతుంది. అదే ఆ బిడ్డది. మనిషి ఉన్నంత కాలం ఆ రాయి వెచ్చగా ఉంటుంది, మనిషి పోయిన గడియలో చల్లబడుతుంది. అందుకే ఊరు దాటి పోయినవాళ్ళ గురించి ఖాజాగూడలో ఎవరూ పెద్దగా ఫికరు పడరు. పొద్దున్నే పోయి చెయ్యి పెట్టి చూసుకుంటారు, దిగి వచ్చి గంజి తాగి పనికి పోతారు.

రుక్కమ్మ కూడా రోజూ ఎక్కేది. ఆమె మొగుడు ఐలయ్య తుంగభద్ర ఆనకట్ట దగ్గర రాళ్ళు చెక్కే పనికి పోయి ఎనిమిది నెలలైంది. అతని రాయి పడుకున్న ఎద్దంత ఉంటుంది. దాని పక్కనే, గుట్టలోకి పాతుకుపోయి, చేటంత చిన్న రాయి ఒకటి. అది వాళ్ళ బిడ్డ కనకలక్ష్మిది. ఐదేళ్ళ పిల్ల జ్వరంతో పోయి రెండేళ్ళవుతోంది. చల్లబడ్డ రాళ్ళను ఊరు మరిచిపోదు గానీ రోజూ ముట్టుకోదు. ఐలయ్య మాత్రం ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రోజూ ముట్టుకున్నాడు. చల్లటి రాయి మీద చెయ్యి పెట్టి అంతసేపు ఏం చూసుకుంటావని ఎవరైనా వేళాకోళమాడితే, వెచ్చటివాళ్ళు ఇంట్లోనే ఉన్నారు కదా అనేవాడు.

రుక్కమ్మ గుట్ట దిగి రాగానే అత్త బుచ్చమ్మ అరుగు మీద నుంచి అడిగేది.

"వెచ్చగున్నడా నా కొడుకు?"

"వెచ్చగనే ఉన్నడత్తా."

"అయితే ఇగ గంజి పొయ్యి."

బుచ్చమ్మకు రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి, మోకాళ్ళు పని చెయ్యవు. ఆమె గుట్ట ఎక్కి మూడేళ్ళు దాటింది. కొడుకు సంగతి కోడలు చెబితేనే తెలియాలి.

పోలీసు చర్య జరిగిన మరుసటేడు, పట్నం నుంచి ఒక గుత్తేదారు వచ్చాడు. మాదాపూర్ మీదుగా వేసే సడకుకు కంకర కావాలన్నాడు. మందు పెట్టి గుట్టను పేలుస్తాడట, ఏడాది పొడుగునా అందరికీ కూలి ఇస్తాడట. మనిషి చెడ్డవాడేం కాదు, తన లెక్కన న్యాయంగానే మాట్లాడాడు. "వెచ్చటి రాళ్ళ జోలికి పోను. చల్లటివే పగలగొడత. పోయినోళ్ళకు రాళ్ళెందుకు?" అన్నాడు.

ఆ మాట కొంతమందికి నచ్చింది. పెంటయ్యకు మరీ నచ్చింది. అతనికి నలుగురు పిల్లలు, మూడు నెలలుగా సరైన పని లేదు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ కనకలక్ష్మి రాయి సడకు మీద పరిచిన కంకరగా మారి, దాని మీదుగా బండ్లు పోవడం తలుచుకుంటే రుక్కమ్మకు ముద్ద దిగేది కాదు.

గుట్ట మీద హక్కు రాతి పనివాళ్ళ సంఘానిది. కొత్త సర్కారు వచ్చాక ఇలాంటివన్నీ ఓట్లతో తేల్చాలన్నారు. సంఘాల ఇన్స్పెక్టరు వెంకటనారాయణ సైకిలు మీద వచ్చాడు. బెజవాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. గుట్ట ఇద్దామనేవాళ్ళు ఎర్ర చీటీ, వద్దనేవాళ్ళు తెల్ల చీటీ వెయ్యాలని చెప్పాడు. దూరాన ఉన్న ఇద్దరికీ, అంటే ఐలయ్యకూ అతనితో పోయిన ఎల్లేశానికీ, టపాలో చీటీలు పంపించాడు.

"చీటీ చిన్న కవర్లో పెట్టి అంటించాలండి. దాన్ని పెద్ద కవర్లో పెట్టాలి. పెద్ద కవరు వెనక వేలిముద్ర, దాని కింద చదువొచ్చిన వాళ్ళెవరిదైనా సాక్షి సంతకం. ఏది లేకపోయినా ఆ ఓటు చెల్లదండి. ముందే పంపమనండి. ఆఖరి రోజు దాకా ఆగితే టపా మన మాట వినదు" అన్నాడు. సంఘంలో రాతపని చూసే రామచంద్రం ఇదంతా పొల్లు పోకుండా ఇద్దరికీ ఉత్తరం రాశాడు.

ఐలయ్య ముందే పంపాడు. లెక్కింపుకు ఇంకా మూడు వారాలుండగానే కవరు వచ్చింది. దాంతోపాటు ఎవరి చేతనో రాయించిన కార్డు కూడా వచ్చింది. రామచంద్రం చదివి వినిపించాడు. "ఏ రంగు పెట్టిననో చెప్పొద్దని రాసిర్రు, అందుకని చెప్పను. కనకలక్ష్మితో మాత్రం చెప్పు, నాయిన పంపిండని." కార్డు విని బుచ్చమ్మ నవ్వింది. చెప్పకుండానే అంతా చెప్పాడని మురిసిపోయింది.

ఆ రోజు నుంచి రుక్కమ్మకు అదొక పని అయింది. రామచంద్రం ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా ఆగి అడిగేది.

"అన్నా, కవరు ఉన్నదా?"

"తాళమేసిన పెట్టెల ఉన్నది. రెక్కలొచ్చి ఎగిరిపోతదా ఏంది? పో చెల్లె, పని చూసుకో."

ఊళ్ళో ఓట్లు ఎటెటు పడతాయో అందరికీ తెలుసు. ముప్ఫై ఎనిమిది మంది ఉంటే ఇటు పందొమ్మిది, అటు పందొమ్మిది. తేల్చేవి ఆ రెండు కవర్లే.

లెక్కింపుకు ఇంకా పదకొండు రోజులుంది. సోమవారం పొద్దున రుక్కమ్మ చెయ్యి పెట్టేసరికి ఐలయ్య రాయి చల్లగా ఉంది.

మొదట తన చెయ్యే మొద్దుబారిందనుకుంది. చంక కింద పెట్టుకొని వేడి చేసుకొని మళ్ళీ ఆనించింది. చెంప ఆనించింది. పక్కనున్న కనకలక్ష్మి రాయి ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది. రాయి మంచో చెడో చెబుతుంది గానీ ఎలా జరిగిందో చెప్పదు. జ్వరమొచ్చి పోయాడని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ పొద్దున ఆమెకు తెలిసింది ఒక్కటే, ఇక తనకు మొగుడు లేడు.

గొంతు దాకా వచ్చిన ఏడుపును రుక్కమ్మ అక్కడే ఆపేసింది. ఖాజాగూడలో రాయి చల్లబడిన రోజే మనిషి పేరు అన్నిటిలోంచీ తీసేస్తారు. సంఘం కొట్టంలోంచి అతని సుత్తె తెచ్చి ఇంట్లో ఇస్తారు, పుస్తకంలో పేరు మీద గీత కొడతారు. పేరే కొట్టేశాక అతని ఓటు మాత్రం ఎందుకు మిగులుతుంది? అడుగుదామంటే అడగడమే చెప్పడమవుతుంది. అందుకని ఎవరినీ అడగలేదు. కవరు పెట్టెలో ఉంది, ఐలయ్య చెయ్యాల్సింది చేసి పోయాడు, దాన్ని లెక్కించేదాకా అతన్ని నిలబెట్టడం తన పని అనుకుంది. ఆ ఎద్దంత రాయి మీద బోర్లా పడుకొని, చేతులు చాచి, కొంగు కప్పుకొని, తన ఒంట్లో ఉన్న వేడంతా దానికి ఇచ్చింది.

రాయి ఆ వేడిని తీసుకుంది. చాలాసేపటికి గోరువెచ్చన అయింది.

"వెచ్చగున్నడా నా కొడుకు?"

"వెచ్చగనే ఉన్నడత్తా."

ఆ రోజు నుంచి రుక్కమ్మ అందరికంటే ముందు లేచి గుట్ట ఎక్కేది, పని నుంచి రాగానే మళ్ళీ ఎక్కేది. దిగి వచ్చాక గంటసేపు వణికేది. నొసట బొట్టు పెట్టుకునేటప్పుడు చెయ్యి ఆడేది కాదు. గాజులు గలగలమంటే సత్తెమ్మ, "మొగడు పైసలు పంపిండా, గంత సప్పుడు చేస్తున్నవ్?" అని ఆటపట్టించింది. రుక్కమ్మ నవ్వింది. అంత కష్టపడి ఆమె ఇంతకుముందు బండరాయి కూడా మోయలేదు. ఒక్కటే కలిసొచ్చింది. రాయి వేడిని బాగా నిలుపుకుంటోంది. చల్లబడిపోయి ఉంటుందని భయపడుతూ సాయంత్రం వస్తే, పొద్దున తాను వదిలిపోయినట్టే ఉండేది.

ఆ పై వారం శుక్రవారం లెక్కింపు. ఊరంతా సంఘం కొట్టం ముందు చేరింది. అనుకున్నట్టే పందొమ్మిది ఎర్రవి, పందొమ్మిది తెల్లవి వచ్చాయి. వెంకటనారాయణ ఎల్లేశం కవరు తిప్పి చూశాడు. వేలిముద్ర ఉంది, సాక్షి సంతకం లేదు. "చెల్లదండి" అని పక్కన పెట్టేశాడు. ఎల్లేశం తన వైపేనని నమ్ముకున్న పెంటయ్య తల పట్టుకున్నాడు. ఐలయ్య కవరు మీద సంతకం ఉంది గానీ వేలిముద్రలో గీతలే లేవు, నున్నటి సిరామరక. ఇన్స్పెక్టరు సంఘం పుస్తకం తీసి చూశాడు. అందులోనూ ఐలయ్యది నున్నటి మరకే. ఆ పక్క పేరుదీ అంతే, పై పేరుదీ అంతే. ముప్ఫై ఏళ్ళు రాళ్ళతో రాసుకున్న వేళ్ళకు గీతలెక్కడుంటాయి? రామచంద్రం ఆ మాటే చెబితే ఇన్స్పెక్టరు తలూపాడు.

అప్పుడు పెంటయ్య లేచాడు. "సారూ, మా ఊరి పద్ధతి ఒకటున్నది. మనిషి ఉన్నడో లేడో సూడాలె. లేనోని పేరు పుస్తకంల ఉండదు."

అందరూ గుట్ట ఎక్కారు. రుక్కమ్మ వెనకాల నడిచింది. పెంటయ్యే ముందు చెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. "వెచ్చగున్నది" అన్నాడు, నిజాయితీగా. ఇన్స్పెక్టరు కూడా చెయ్యి పెట్టి తీశాడు. కిందికి వచ్చి కవరు చించితే తెల్ల చీటీ.

గుట్ట దక్కింది. అందరూ చెదిరిపోయాక రుక్కమ్మ ఊరి చివర వెంకటనారాయణ సైకిలుకు అడ్డం నిలబడింది. ఎవరికో ఒకరికి చెప్పకుండా ఆమె ఉండలేకపోయింది.

"సారూ, నేను తప్పు జేసిన. నా మొగడు పోయిన వారం సోమారమే సచ్చిపోయిండు. రాయిని నేనే వెచ్చగ ఉంచిన. ఓటు కొట్టెయ్యకుండ్రి, నన్ను జేలుల ఎయ్యుండ్రి."

ఆయన సైకిలు స్టాండు వేశాడు.

"అమ్మా, టపా ముద్ర పడిన రోజుకి మనిషి ఉంటే చాలండి. ఆ తర్వాత ఏం జరిగినా ఓటు ఓటే. మీ ఆయన చాలా ముందే పంపారు. ఆయన ఓటుకి ఎప్పుడూ ఏ భయమూ లేదండి."

"మరి రాయి సూడనీకె వచ్చిర్రు గదా?"

"పెంటయ్య గారు అడిగారు. ఊరి ఆచారాన్ని కాదనడం ఎందుకని వచ్చానమ్మా."

రుక్కమ్మ సైకిలుకు దారి ఇచ్చి పక్కకు జరిగింది. పదకొండు రోజులు. మొగుడు పోయిన మనిషి పదకొండు రోజులు బొట్టు పెట్టుకొని, నవ్వి, ఉత్తపుణ్యానికి ఏడుపు మింగింది. ఇంతకంటే అన్యాయం నాకు తెలియదు.

ఇక రాయి దానంతట అదే చల్లబడనీ అనుకుంది. ఊరికి అలా తెలుస్తుంది, అత్తకూ తెలుస్తుంది, తాను నోరు విప్పి చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం గుట్ట ఎక్కలేదు. శనివారం సాయంత్రం ఊరికే చెయ్యి పెట్టి చూద్దామని పోయింది. రాయి వెచ్చగా ఉంది. నిన్నటి వేడి మిగిలిందనుకుంది. ఆదివారం సాయంత్రం కూడా పోయి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

అప్పుడు పుట్టింది ఆశ. రాయి ఒకవేళ పొరపాటు పడిందేమో. ఐలయ్యకు ప్రాణం మీదికొచ్చి తేరుకున్నాడేమో. ఎక్కడో మంచం మీద లేచి కూర్చొని గంజి అడుగుతున్నాడేమో. రుక్కమ్మ తలంటుకుంది. కొత్త గాజులు వేసుకుంది. రాత్రంతా కళ్ళు మూయలేదు. సోమవారం పనికి పోయినా సుత్తె చేతిలో నిలవలేదు. మధ్యాహ్నం కాకముందే పని వదిలేసి, ఆ వెచ్చదనం పక్కన కాసేపు కూర్చుందామని గుట్టకు పరుగెత్తింది.

రాయి మీద బుచ్చమ్మ బోర్లా పడుకొని ఉంది. చీర మోకాళ్ళ దగ్గర చిరిగి నెత్తురు అంటింది. చేతులు చాచి, చెంప రాయికి ఆనించి ఉంది.

రుక్కమ్మ దగ్గరికి పోయి వంగింది.

"ఎప్పటిసంది అత్తా?"

బుచ్చమ్మ తల ఎత్తలేదు. "ఆ సోమారంసంది. నువ్వు గంజి తాగకుండ పనికి పోయినవ్. కుండల ముట్టుకుంటే గట్లనే ఉన్నది. ఏమైందోనని పాక్కుంట ఎక్కిన. నువ్వు ఇచ్చిన వేడి అప్పటికే సల్లారింది."

"మరి నాతోని ఎందుకు చెప్పలే?"

"నువ్వు దాస్తున్నవ్. ముత్తైదువగనే ఉండాలనుకున్నవేమో అనుకున్న బిడ్డా. ఉండనీ, నాకేం పోతది అనుకున్న. నాకు ఇరవై ఏండ్లకే గాజులు పగలగొట్టిర్రు. నువ్వు పనికి పోంగనే వచ్చి పండుకుంటున్న." ఊపిరి తీసుకొని మళ్ళీ అంది. "ఇంక ఎన్ని దినాలైన పండుకుంట. ఎవ్వరికి తెల్వదు. నువ్వు ఫికర్ జెయ్యకు."

రుక్కమ్మ ఆమె పక్కన కూర్చుంది. కొడుకు పోయిన ముసలిది కొడుకు కోసం ఏడవకుండా కోడలి గాజుల్ని కాస్తోంది. పద్నాలుగు రోజులూ ఒక్క ఇంట్లో, ఒక్క కుండలోంచి తాగుతూ, ఇద్దరూ ఒకరికొకరు అబద్ధం చెప్పుకున్నారు. ఆశ అయితే అప్పుడే పోయింది. దాని చోట ఐలయ్య నిజంగా పోయాడన్న మాట వచ్చి కూర్చుంది.

"ఇగ లే అత్తా," అంది రుక్కమ్మ. "నాకు ఏడ్వాలని ఉన్నది."

బుచ్చమ్మ చాలాసేపు కదల్లేదు. కదిలితే కొడుకు పోతాడు. చివరికి రుక్కమ్మ చంకల కింద చేతులు వేసి లేపితే లేచింది. ఇద్దరూ రాయికి జానెడు దూరంగా, దాన్ని తాకకుండా కూర్చున్నారు. అటు పక్క కనకలక్ష్మి రాయి ఉంది.

"సల్లబడ్డదా?"

"ఇంకా సల్లబడి ఉండదత్తా."

పొద్దు గుట్ట దాటింది. కింద ఊళ్ళో సుత్తెలు మోగుతూనే ఉన్నాయి.

"ఇప్పుడు సూడు."

రుక్కమ్మ చెయ్యి పెట్టింది. అత్త చెయ్యి పట్టుకొని తెచ్చి, దాన్ని కూడా పెట్టించింది.

ముందు బుచ్చమ్మ మొదలుపెట్టింది, కొడుకు పేరు పిలిచి. తర్వాత రుక్కమ్మ గొంతు కలిసింది. పద్నాలుగు రోజుల ఏడుపు ఒక్కసారే గుట్ట దిగింది. కింద ముందుగా పెంటయ్య సుత్తె ఆగింది. తర్వాత మిగిలిన సుత్తెలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి.